ఇరవై రెండో నిమిషం

2003 జూన్‌లో తెనాలిలోని ఒక ప్రైవేటు మానసిక వైద్యశాలలో బయోమెడికల్ ఇంజినీరుగా చేరాను. ఈసీజీ, ఈఈజీ యంత్రాలను పనిచేసే స్థితిలో ఉంచడం నా బాధ్యత. రెండో నెలలోనే పెద్ద డాక్టరు గారు మరో పని అప్పగించారు. కౌన్సెలింగ్‌లో విన్నదాంట్లో సగం రోగులు బస్సు దిగేసరికి మరిచిపోతున్నారని, ఇంటికెళ్లి మళ్లీ వినేలా రికార్డు చేసే ఏర్పాటు కావాలని ఆవిడ అడిగారు.

అప్పటికి మా రోగుల ఇళ్లలో ఉన్నవి టేపు రికార్డర్లే. అందుకని క్యాసెట్టునే ఎంచుకున్నాను. బల్ల మీద రెండు మైకులు, గోడ వెనక రెండు డెక్కులు. ఒక డెక్కులో మాస్టరు, అంటే ఆసుపత్రిలో ఉండిపోయే క్యాసెట్టు. రెండోదానిలో రోగికిచ్చే ప్రతి. నిమిషానికొకసారి సన్నని బీప్ పడే సర్క్యూట్ నేనే తయారుచేశాను. ఏ మాట ఎన్నో నిమిషంలో వచ్చిందో డాక్టరు గారు కేస్‌షీట్‌లో రాసుకోవడానికి అది పనికొచ్చేది. టేపును ఎవరైనా కత్తిరించి అతికిస్తే బీప్‌ల మధ్య దూరం మారి తెలిసిపోయేది. ఆ రెండో సుగుణం గురించి నాకు కొంచెం గర్వం ఉండేది.

క్యాసెట్టు రోగి చేతికే ఇవ్వాలని డాక్టరు గారు స్పష్టంగా చెప్పారు. ఫారం తయారుచేసింది మాత్రం నేను. మన ఆసుపత్రుల్లో మందులైనా, రిపోర్టులైనా అటెండరుకే, అంటే రోగి వెంట వచ్చిన బంధువుకే ఇస్తారు. ఆ అలవాటు కొద్దీ, మరో ఆలోచన లేకుండా 'రోగి లేదా అటెండరు సంతకం' అని అచ్చు వేయించాను.

మరుసటి ఏడాది రాజ్యలక్ష్మి వైద్యానికి వచ్చింది. పేరు మార్చి రాస్తున్నాను. పుట్టిల్లు బాపట్ల, అత్తిల్లు రేపల్లె. నాలుగు నెలల పాప. కాన్పయిన దగ్గర్నుంచి రాజ్యలక్ష్మికి నిద్ర లేదు, ఏడుపు ఆగదు. వాళ్లమ్మ తోడుగా వచ్చేది. ఒకసారి ఆమెకు వీలుకాక భర్త వెంట వచ్చాడు. రాజ్యలక్ష్మి పాపకు పాలిస్తూ లోపల కూర్చుని ఉండగా, అతను కౌంటర్లో సంతకం చేసి క్యాసెట్టు తీసుకుని జేబులో వేసుకున్నాడు.

రెండు వారాల తర్వాత అతను నా గదికి వచ్చాడు.

"మా మామ ఆ టేపులో గొంతు మార్చారని గొడవ చేస్తన్నాడండీ. మిషన్ చేసింది మీరేనంటగా. రేపు రేపల్లెలో పెద్దమనుషులు కూర్చుంటన్నారు. ఒక్కసారి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, చాలు."

డాక్టరు గారు ఆ రోజు బాపట్ల క్యాంపులో ఉన్నారు. ఫోన్ చేసి అడగవచ్చు. అడగలేదు. నా యంత్రాన్ని శంకించారన్న సంగతి ఒక్కటే బుర్రకెక్కింది. ఆవిడ అనుమతి లేకుండా ముట్టుకోకూడని మాస్టరును బీరువాలోంచి తీసి మొత్తం విన్నాను.

ఇరవై ఒకటో నిమిషంలో రాజ్యలక్ష్మి అంటుంది: "పాపకు నీళ్లు పోసేటప్పుడు చెయ్యి వదిలేస్తే ఏమవుద్దీ అనిపిస్తందండీ. భయమేసి మా అమ్మనే పొయ్యమంటన్నా." ఇరవై రెండో నిమిషంలో డాక్టరు గారి జవాబు మొదలవుతుంది. ఇది కాన్పు తర్వాత వచ్చే జబ్బేనని, ఇంత భయపడుతూ జాగ్రత్త పడుతున్న తల్లి పాపకు హాని చేసేది కాదని, మందులతో తగ్గిపోతుందని, అమ్మను తోడుంచుకుని పాపను దగ్గరే ఉంచుకోమని.

రేపల్లెలో వాళ్ల వసారాలో పది మంది దాకా కూర్చుని ఉన్నారు. రాజ్యలక్ష్మి గోడవారగా నిలబడి ఉంది. పాప ఆడపడుచు ఒళ్లో ఉంది. భర్త టేపు పెట్టాడు. నీళ్ల మాట రాగానే ఆపేశాడు.

"మా పిల్ల అట్టా అనదు బావగారూ," అన్నాడు ఆమె తండ్రి వియ్యంకుడితో. "ఎవరో గొంతు కలిపారు."

భర్త బాబాయి నావైపు తిరిగాడు. "ఏంటండీ ఇంజినీరు గారూ, ఇదేమన్నా సినిమా డబ్బింగా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేను బీప్‌ల లెక్క వివరించి, అతుకు ఎక్కడా లేదని చెప్పాను. తండ్రి తల దించుకున్నాడు.

అప్పుడు రాజ్యలక్ష్మి మాట్లాడింది. "నేనే అన్నాను మావయ్య గారూ. తర్వాత డాక్టరు గారేమన్నారో అది కూడా వినండి."

"ఇంకేం వినాలి?" అని భర్త క్యాసెట్టు బయటికి తీసేశాడు.

ఆమె నన్ను చూసింది. "మీరన్నా చెప్పండి అన్నయ్య గారూ."

నాకు ఆ జవాబు ప్రతి మాటా గుర్తుంది. అయితే అనుమతి లేకుండా మాస్టరు విన్నానని బయటపడితే ఉద్యోగం పోతుందని భయపడ్డాను. "నన్నడిగింది అతుకుల గురించేనండి," అన్నాను.

పాపను అమృతలూరులో ఆడపడుచు ఇంట్లో పెంచాలని, తల్లి పుట్టింటికి పోవాలని తీర్మానించారు. చెప్పులు వేసుకుంటుంటే వెనక పాప ఏడుపు వినిపించింది. బస్సుకు వేళయిందని వచ్చేశాను.

రాజ్యలక్ష్మి మళ్లీ తెనాలి రాలేదు. సంగతి తెలిసి డాక్టరు గారు బాపట్ల వెళ్లారు. రాజ్యలక్ష్మి ముందుగా డాక్టరు గారి చేతిసంచీ తెరిపించి చూసిందట, రికార్డు చేసే మిషన్ ఉందేమోనని. లేదని తెలిశాక కూడా నోరు విప్పలేదట. మందులు మానేసింది. డాక్టరు గారు రేపల్లెకు, అమృతలూరుకు కూడా వెళ్లి చెప్పి చూశారు. అప్పటికే మాట ఊరంతా పాకింది, ఎవరూ వినలేదు.

తిరిగొచ్చాక ఆవిడ నన్ను తిట్టలేదు. "మీ మిషన్ బాగా పనిచేసిందిలెండి," అని ఊరుకున్నారు. ఫారంలోంచి అటెండరు అన్న మాట తీసేశాం. ఇంటికిచ్చే ప్రతిలో డాక్టరు చెప్పిన సూచనలు మాత్రమే ఉండేలా పద్ధతి మార్చాం. ఉద్యోగం పోలేదు, 2009 వరకు అక్కడే పనిచేశాను. ఆ పాపను తల్లికి తిరిగి ఇచ్చారో లేదో నాకు తెలియదు. కనుక్కునే ధైర్యం చెయ్యలేదు.

రికార్డింగు యంత్రం చేసేవాడు మాటలు ఎంత స్పష్టంగా పడతాయన్నదాని కన్నా ముందు అవి ఎవరి చేతికి పోతాయో తేల్చుకోవాలి. ఆ పని ఫారం అచ్చు వేయించేటప్పుడు నేను చేయలేదు. రేపల్లె వసారాలో దాన్ని సరిదిద్దుకునే అవకాశం వచ్చింది. నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఆ తల్లికి పాప దూరం కావడానికి అది సరిపోయింది.