అవతలి ఒడ్డుకు కనిపించే లైటు

మా పెద్దమ్మ ఈ వానాకాలం ఒక ఉదయం పోయింది. పెద్దనాన్న భార్య, నన్ను పెంచిన మనిషి. ఇంద్రావతి నిండుగా పారుతోంది. అవతలి ఒడ్డున ఆమె అన్న ఉన్నాడు, నాకు మామ. పుట్టింటి చీర కప్పకుండా పోయిన ఆడపిల్లను ఇల్లు కదిలించరు మా వైపు. ఆ ఊళ్ళో ఫోన్ పలకదు. కబురెలా చేర్చాలో ఎవరికీ తోచలేదు.

భోపాల్‌పట్నం దాటాక నది పక్కనున్న మా ఊరికి కరెంటు తీగకన్నా ముందు సోలార్ వచ్చింది. సర్కారు పథకం కింద ఇంటికో ప్లేటు, బ్యాటరీ, లైట్లు. పెద్దమ్మ ఒక లైటును పెరట్లో వెదురు గుంజకు, నది వైపు పెట్టించుకుంది. ఇంట్లో పెట్టుకోమని మిస్త్రీ ఎంత చెప్పినా వినలేదు.

"ఇంట్ల నాకు తెల్వందేమున్నది? పొయ్యి ఏడున్నదో చేతికి ఎరుకే. మా అన్నకు కనబడాలె," అంది.

మా రాష్ట్రానికి నదే హద్దు, అవతలిది మహారాష్ట్ర. అక్కడి పథకం వేరు, దాని వరస వేరు. గ్రామసభకు ఆఫీసు బాబులు ఎప్పుడొచ్చినా ఆమెది ఒకటే ప్రశ్న, ఆ ఒడ్డుకు ఎప్పుడిస్తారని. అది తమ పరిధి కాదని ఒకాయన ఓపిగ్గా చెప్పాడు.

"సర్కార్లు రెండైతే పొద్దు గూడ రెండేనా సార్?" అంది. ఆయన నవ్వాడు, నాకే సిగ్గేసింది.

చివరికి అక్కడా లైటు వెలిగింది. ఆ సాయంత్రం ఆమె అన్నం ముట్టలేదు, గట్టు మీదే కూర్చుంది. అప్పటినుంచి రోజూ అటు చూసి, "అన్న ఇంట్లనే ఉన్నడు," అని చెప్పి లోపలికొచ్చేది. ఆ మాట వినాలని ఇప్పుడు పొద్దుగూకితే చాలు, ప్రాణం కొట్టుకుంటుంది.

ఒక ఎండాకాలం ఇప్పపువ్వు ఎండబెట్టడానికి ఆమెకు సోలార్ ప్లేటుకన్నా శుభ్రమైన చోటు దొరకలేదు. ప్లేటుకు ఎండ అందక కొన్నాళ్ళకే లైటు ఆరిపోయింది. చెల్లెకేమైందోనని మర్నాడే మామ పడవేసుకుని పరుగున వచ్చాడు. ప్లేటు మీది పువ్వు చూసి తిట్టి, నవ్వి, నాలుగు రోజులుండి వెళ్ళాడు.

మరుసటి ఏడూ ఆమె పువ్వు అక్కడే పోసింది.

"లైటు ఆరిపోతది గద పెద్దమ్మా," అన్నాను.

"ఆరనియ్యి. అన్నను చూసి ఏడాదాయె."

"దానికి స్విచ్ బంద్ చేస్తే సరిపాయె గద?"

"అట్ల చేస్తే అబద్ధమైతది బిడ్డా. పువ్వు ఎండబోస్తే నా తప్పేంది?"

అలా ఏటా పువ్వు రాలే వేళకు మామ వచ్చేవాడు. ఆయనకూ సంగతి తెలుసు, అయినా ఏనాడూ అడగలేదు.

ఆమె పోయిన రోజు చీకటి పడకముందే పెరట్లోకి వెళ్ళి స్విచ్ ఆపాను. ఈసారి అది అబద్ధం కాదు. అవతల లైటు ఎప్పటిలాగే వెలిగింది. ఇంట్లో అందరం ఆమె చుట్టూ కూర్చున్నాం.

తెల్లవారి వాన తెరిపిచ్చాక మామ వచ్చాడు. పడవ ప్రవాహానికి దిగువకు కొట్టుకుపోతే, అక్కడ దిగి ఒడ్డు వెంట నడిచొచ్చాడు. నేనింకా నోరు తెరవలేదు.

"ఇది పువ్వు రాలే కాలం కాదు గద బిడ్డా," అని చంకలోని ప్లాస్టిక్ సంచి విప్పాడు. మనిషి నిలువెల్లా తడిసి ఉన్నాడు. లోపలి చీర మాత్రం తడవలేదు.