బాగుచేస్తాండాడు

ఊపిరినిచ్చిన దేవునికి మహిమ. సాఫీగా ఆడినన్నాళ్లూ ఊపిరి సంగతి మనకు గుర్తుండదు. అలా గుర్తురాని మేళ్లన్నిటికీ ఆయనకు స్తోత్రం. మంటిలో మొదటి ఊపిరి ఊదినవాడు ఆయనే, చివరిది తీసుకునేవాడూ ఆయనే. ఆ రెంటి మధ్య మా చెల్లెలికి ఇచ్చిన ఆయుష్షు కొద్దిదే అయినా, దానికీ స్తోత్రం చెప్పి మొదలుపెడుతున్నాను.

మాది ఆళ్లగడ్డ. చెల్లెలిని దొర్నిపాడు పక్కన ఒక పల్లెకు ఇచ్చాము. బావ లారీ మీద పోయి ఎప్పుడో వచ్చే మనిషి. ఇంట్లో ఉండేది చెల్లెలు, ఇంకా బడికి పోని ఆమె కూతురు, అత్త. చెల్లెలికి దగ్గు పట్టుకొని ఎంతకూ తగ్గకపోతే తెమడ పరీక్ష చేసి టీబీ అన్నారు. మాత్రలు ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చింది. నెలలు గడవకముందే దగ్గు తగ్గింది, ఒంటికి కాస్త కండ పట్టింది.

మా రెండిళ్లవాళ్లమూ పోయే సంఘంలో ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలు చెబుతారు. మేలు పొందినవాళ్లు లేచి నిలబడి చెబితే సంఘమంతా ఆమేన్ అంటుంది. ఆ ఆమేన్ పడ్డాక మాట ఇక చెప్పినవాళ్లది కాదు, సంఘానిది. చెల్లెలు ఆ ఆదివారం కొంగు తలమీదికి లాక్కొని లేచింది. "ప్రభువు నన్ను బాగుచేసినాడు" అంది. ఆమేన్ అన్నాము. అత్త గట్టిగా ఏడ్చింది.

మర్నాటి నుంచి చెల్లెలు మాత్రలు మింగలేదు. బాగుచేసినాడని దేవుని ఎదుట చెప్పి, ఇంటికొచ్చి ఇంకా మందు మింగితే ఆ సాక్ష్యం అబద్ధమవుతుందని ఆమె భయం. ఎవరూ మానేయమని చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండానే అది మా అందరికీ తెలిసిన భయమే.

వానలు పడే వేళకు జ్వరం తిరిగొచ్చింది. దగ్గితే రక్తం పడింది. నంద్యాల పెద్దాసుపత్రికి తీసుకుపోయాము. పాత మందులకు జబ్బు లొంగడం లేదని, వేరే మందులు మొదలుపెట్టారు. ఊపిరితిత్తులు అప్పటికే చాలా చెడిపోయాయని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. వార్డు బయట గోడ మీద దేశం నుంచి క్షయను తరిమేద్దామని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. దాని కింద బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

పాపకు ఎక్స్‌రే తీశారు. జబ్బు లేదన్నారు. కానీ రోగితో ఒకే ఇంట్లో ఉన్న బిడ్డ కనుక, రాకముందే మాత్రలు మింగించాలన్నారు. ఇంట్లో ఒకరికి వస్తే తక్కినవాళ్లను కూడా కాపాడాలన్నది దేశమంతటికీ పెట్టిన పద్ధతట. నాకది కొత్తగా అనిపించలేదు. ఐగుప్తులో సంహారకుడు రాకముందే గొర్రెపిల్ల రక్తంతో ద్వారబంధానికి గుర్తు పెట్టుకొని బతికిన ఇళ్ల సంగతి మేము బైబిల్లో చిన్నప్పటి నుంచి వింటున్నదే. వచ్చాక పెట్టి ఉంటే ఏం లాభం?

అత్తకు మాత్రం మనసొప్పలేదు. ఆశా కార్యకర్త మాత్రలు తెచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను.

"ఏందమ్మే, గవర్నమెంటుకు మాత్రలు ఎక్కువైనాయా? ఎగురుతాండే పిల్లకు రోగం మందు పెట్టేదేంది?"

"శనక్కాయ చేనుకు పురుగు పడినాకనే మందు కొడతావా పెద్దమ్మా, ముందే కొడతావా?"

"నా మనమరాలు నీకు చేనా? నీ నోట్లో మన్ను బడ!"

"పోలియో చుక్కలప్పుడు కూడా ఇట్లనే తిట్టినావు. పిల్ల ఈపొద్దు గోడలెక్కతాంది."

"అవి చుక్కలు, ఇవి మాత్రలు. పోమ్మే బేగా." ఆమె వెళ్లాక అత్త నా వైపు తిరిగింది. "సూడప్పా, కోడలు దేవుడు బాగుచేసినాడని చర్చిలో చెప్పె. మళ్లా మంచాన పడె. ఇప్పుడు పిల్లకు గూడా మాత్రలంటే, ఈ ఇంట్లో విశ్వాసం లేదని ఊరంతా అనదా?"

పంచలో మంచం మీద చెల్లెలు అన్నీ వింటూనే ఉంది. మాస్కు వెనక నుంచి నన్ను పిలిచింది. "అన్నా, ఆదివారం నన్ను చర్చికాడికి తోడకపో."

ఆటోలో తీసుకుపోయాను. లోపలికి రానంది. వరండాలో కిటికీ పక్కన కుర్చీ వేయించుకుంది. సాక్ష్యాల సమయానికి సంఘ కాపరి బయటికి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకోకూడదమ్మా."

"తీసుకోను అయ్యగారూ. మిగిలింది చెప్తా."

మైకు తెచ్చి కిటికీ కమ్మీ దగ్గర పెట్టారు. ఆమె ఒక్కో మాటకూ ఆగింది. దగ్గు వస్తే సంఘం నేల చూసింది.

"బాగుచేసినాడని చెప్పినా. తప్పు చెప్పినా. బాగుచేస్తాండాడు అని చెప్పాల్సింది. ఆయన చేస్తాండంగనే నేను మధ్యలో లేచి వచ్చేసినా. మాత్ర గూడా ఆయన చెయ్యే." ఊపిరి అందక చాలాసేపు ఆగింది. "నా బిడ్డకు మాత్రలు ఇయ్యనీండి. అయిపోయేదాంకా ఇయ్యనీండి."

ఎవరూ ఆమేన్ అనలేదు. లోపల ఆడవాళ్ల వైపు నుంచి అత్త ఒక్కతే, సగం గొంతుతో అంది.

క్రిస్మస్ చూడకుండానే చెల్లెలు పోయింది. కొత్త మందులు వదలకుండా మింగింది; ఒంట్లో వాటికి పని చేసే చోటు మిగల్లేదు. సమాధి దగ్గర అయ్యగారు వాక్యం చదువుతుంటే పాప వాళ్ల అవ్వ చంకలో నిద్రపోయింది. ఢిల్లీలో ఎవరో మంచి మనసుతో రాసిన ఆ పద్ధతి మా గడప దాకా వచ్చి ఆగింది. దాన్ని లోపలికి తేవడానికి ఒక తల్లి తన మిగిలిన ఊపిరిని ఖర్చు పెట్టాల్సి వచ్చింది. ఇలా ఎందుకు జరగాలని దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను.

మొన్న ఆ ఊరికి పోయాను. అత్త మాత్ర పొడి చేసి, బెల్లం నీళ్లలో కలిపి పాప నోటి దగ్గర పెడుతోంది. పాప మూతి తిప్పుకుంది.

"అవ్వా, నాకు జబ్బు బాగైపాయ కదా?"

"నీకు యాడిది జబ్బు? మింగు."

"మరెందుకు?"

అత్త అడుగున మిగిలిన పొడిని చెంచాతో మళ్లీ కలిపింది. "బాగుచేస్తాండాడు. మింగమ్మా."

పాప మాత్రలు ఇంకా అయిపోలేదు. ఇది చదువుతున్న మీరు ఎక్కడున్నా, నాతో కలిసి ఒక్కసారి తల వంచండి. తండ్రీ, ఈ బిడ్డ చివరి మాత్ర దాకా మా చేతులు అలసిపోకుండా చూడు. మా దేశంలో ఏ ఇంట్లోనూ మందు సగంలో ఆగనీయకు. నీ పని పూర్తికాకముందే అయిపోయిందని చెప్పే తొందర మా నోటి నుంచి తీసివేయి. ఈ ప్రార్థనకు మీరు కూడా ఆమేన్ అనండి. ఆనాడు మేము అనలేకపోయిన ఆమేన్ అది.