వేలు తీస్తే తెగిన మాట

ఈ పొద్దున కూడా మా పూలవాళ్ళ వాట్సాప్ గ్రూపులో శుభోదయం అంటూ మల్లెపూల బొమ్మ పడింది. పెట్టింది నాకు మరిది వరసయ్యే మనిషి. ఫోను బోర్లా పెట్టేశాను. నెల కిందట మా అక్కను నాకు కాకుండా చేసింది అతనే.

అక్క అంటే తోడబుట్టింది కాదు. తిరుపతి బస్టాండు దగ్గర అరుగు మీద ముప్పై ఏళ్ళు నా పక్కన కూర్చుని పూలు కట్టిన మనిషి. నలభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది ఆమే. బేరం లేని మధ్యాహ్నాల్లో తడి గోనె మీద చామంతి రేకులతో అ, ఆ పేర్చి, నేను వంకరగా పెడితే నెత్తిన మొట్టేది. మా మధ్య పుల్లలు పెట్టేవాళ్ళు అప్పుడూ ఉన్నారు. కానీ ఎవరేం మోసుకొచ్చినా అక్క నా ముఖంలోకి చూసి, "ఏమ్మే, అన్నావా?" అని అడిగేది, నేను లేదంటే ఆ మాట అక్కడే చచ్చేది. మన వయసువాళ్ళకు ఇది కొత్తగా చెప్పాలా?

అక్షరాలు వచ్చినా ఫోనులో నొక్కడం నాకు ఆలస్యం, అందుకే మాట్లాడి పంపుతాను. బొటనవేలు ఫోను మీద, ఒడిలో దారం. ముడి వేయడానికి వేలు తీసినప్పుడల్లా మాట అక్కడికి తెగి వెళ్ళిపోతుంది.

అక్క చెయ్యి విరిగి, పుత్తూరు కట్టుతో ఇంట్లో ఉన్నప్పుడు, బజారులో ఆమె గురించి ఏమనుకుంటున్నారు వదినా అని మరిది ఫోనులో నాకు విడిగా, ఎంతో ప్రేమగా అడిగాడు. బుద్ధి లేక చెప్పాను. ఎదురు అంగడామె ఏమనిందో తెలుసా అన్నాను, ముడి వేశాను. "దాని చెయ్యి ఇంగ పూలకు పనికిరాదు, ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేయాల" అని ఆమె మాటను ఆమెలాగే పలికాను, ముడి వేశాను. అలా అన్నందుకు ఆ అంగడామెను నేనెంత తిట్టానో మూడో ముక్కలో చెప్పాను. అతను ఆ నడిమి ముక్క ఒక్కటే గ్రూపులో పెట్టి, కింద కన్నీళ్ళ బొమ్మ తగిలించి, "నాకేం పగ అబ్బా, అక్కకు తెలియాలనే పెట్టినాను" అన్నాడు.

నేను మిగతా ముక్కలు పెట్టేసరికి అక్క గ్రూపు వదిలేసింది, నా నంబరూ ఆపేసింది. "ఇప్పుడు కొత్తగా మాట్లాడి పెడతాండాది సూడండి" అన్నాడతను, అందరూ నమ్మారు. అక్క ఇంటికి మూడుసార్లు వెళ్ళాను. గడపలో ఆమె చెప్పులు ఉన్నాయి, కోడలు మాత్రం "అత్త ఈడ లేదు" అంది. మూసిన తలుపు ముందు నిలబడి కాళ్ళు పట్టుకుంటానని ఏడ్చాను. అక్క కూర్చునే చోట ఇప్పుడు మరిది భార్య కూర్చుని పూలు కడుతోంది.

నిన్న కాగితం మీద రాసి ఆ తలుపు కిందనుంచి తోశాను. అక్షరాలు ఇప్పటికీ వంకరగానే వచ్చాయి. వచ్చి నెత్తిన మొట్టక్కా, చాలు అని రాశాను. ఇంకా ఏ కబురూ లేదు.

నా గొంతు క్షణంలో ఆమె చెవికి చేరింది, నా ముఖం చేరలేదు. అరుగు మీద ఉన్న రోజుల్లో అయితే ఈ మాట ఒక్క ప్రశ్నతో పోయేది. ఆ ప్రశ్న కోసమే ఈ వయసులో ఆ తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను.