గుంటూరు ఎండలో చలి జబ్బు

నా గొప్పలు నేనే చెప్పుకుంటాను, అందులో సిగ్గేమీ లేదు. రక్తనాళాల సర్జన్ ఏం చేస్తుందో మా చుట్టాలకే ఇంకా తెలియదు. నడుం నొప్పి వాళ్ళందర్నీ నా దగ్గరికే తోలుకొస్తారు. చుట్టలు కాల్చి కాలివేళ్ళు నల్లబడినవాళ్ళు, షుగరు పుండ్లతో పాదం తీసేయాల్సిందేనని ఎక్కడో చెప్పించుకుని వచ్చినవాళ్ళు, మళ్ళీ తమ కాళ్ళ మీదే మిరప చేలోకి నడిచి వెళ్ళారు. ఆ కాళ్ళలో నా కుట్లున్నాయి. అయినా నాకు పేరు తెచ్చింది మాత్రం చేతులు.

బోధనాసుపత్రిలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరిన కొత్త. శివరాత్రి ఇంకా రాలేదు గానీ, మధ్యాహ్నానికే ఎండ మాడు పగలగొడుతోంది. చీమకుర్తి నుంచి ఒకతను భార్యతో వచ్చాడు. గ్రానైటు క్వారీలో ఏళ్ళ తరబడి డ్రిల్లు పట్టిన మనిషి. తెల్లారుజామున బండి మీద పనికి వెళ్తుంటే వేళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లబడి, స్పర్శ పోతోందన్నాడు. వేరే పని ఇమ్మంటే మేస్త్రి నాటకాలాడుతున్నావన్నాడట. అతని చేతులు చూశాను. ఎర్రగా, వెచ్చగా, నిక్షేపంలా ఉన్నాయి.

"ఏ డాక్టరుగారికి చూపించినా ఏమీ లేదనే అంటన్నారండి. పని మానాలనుంటే మానెయ్యొచ్చుగా, ఈ వేషాలెందుకూ?" అంది భార్య. అతను తల వంచుకున్నాడు.

డ్రిల్లు అదురుకి వేళ్ళలోని రక్తనాళాలు దెబ్బతింటాయనీ, చలి తగిలితే ముడుచుకుపోతాయనీ నేను చదివాను. మా ప్రొఫెసర్‌గారితో అదే అంటే నవ్వారు. "గుంటూరు ఎండల్లో చలి జబ్బేమిటమ్మా?"

నాకు ఒళ్ళు మండింది. మండితే ఊరుకునే రకాన్ని కాదు. గేటు ముందు నిమ్మసోడా బండి నుంచి ఐసు తెప్పించి, బేసిన్ నీళ్ళలో వేసి, అతని చేతులు మణికట్టు దాకా ముంచాను. ప్రొఫెసర్‌గారికి పక్కనే కుర్చీ వేయించాను.

కాసేపటికి చేతులు బయటికి తీయించాను. వేళ్ళు కొసల నుంచి తెల్లబడుతూ వచ్చి, మధ్య కణుపు దగ్గర గీత గీసినట్టు ఆగాయి. ప్రొఫెసర్‌గారు కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగారు. "నిజమేనమ్మా," అన్నారు. నేను గెలిచాను. ఆ వేళ్ళు మళ్ళీ ఎర్రబడటానికి ఎంతసేపు పడుతుందో తెలియాలి కనక, వాచీ చూస్తూ నిలబడ్డాను.

"ఇప్పుడన్నా నమ్ముతావా?" అన్నాడతను భార్యతో.

ఆమె గబగబా వచ్చి ఆ రెండు చేతుల్నీ కొంగులో చుట్టి, గుండెకి అదుముకుంది.

"ముట్టుకోకమ్మా, టైము చూడాలి," అన్నాను.

"మీ టైము తరవాత చూసుకోండి డాక్టరమ్మా," అంది, నా వైపు చూడకుండానే. ఏడుస్తోంది.

ఆ సాయంత్రమే మేస్త్రికి ఫోను చేశాను. ఎలా మాట్లాడానో ఇక్కడ రాయను. అతనికి డ్రిల్లు పని తప్పించి వేరే పని ఇచ్చారు. తరవాత క్వారీ క్వారీ తిరిగి ఎందరి చేతులు ఐసులో ముంచానో! ఆ పరిశోధనే నన్ను ప్రొఫెసర్‌ని చేసింది. సదస్సుల్లో నా పట్టిక చూసి, మొదటి మనిషి దగ్గర టైము కొలత లేదేమని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "వాళ్ళావిడ తీసుకోనివ్వలేదండీ," అంటాను, తల ఎత్తుకునే.