‘సె మాతో’: బూర్గంపాడు దాకా ఒక మాట వెంట

ఖమ్మం కొత్త బస్టాండులో ఉదయం ఆరున్నరకు భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పటికే నేను కోపంతో ఉన్నాను. ఈ ప్రయాణానికి కారణమే ఆ కోపం. అదేమిటో ముందు చెప్పాలి.

నేను ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో స్పానిష్ పాఠాలు చెబుతాను. మా పై వాటాలో అద్దెకుండే సుజాత ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఆమె అక్క భర్త దానియేలు స్పెయిన్‌కు తాపీ పనికి వెళ్లి, నాలుగు నెలల కిందట అక్కడే చనిపోయాడు. ఆత్మహత్య అని సుజాత అప్పట్లో చెప్పింది. మొన్న ఆదివారం మేడ మీద బట్టలు ఆరేస్తూ తన ఫోన్‌లో ఒక వాయిస్ మెసేజ్ వినిపించింది.

"బావతో పనిచేసినాయన మా అక్కకు పంపిండు. గొంతు వినక్కా, ఎంత ఏడుస్తున్నడో."

రెండే ముక్కలు. "దానియెల్ సె మాతో. సె నోస్ మాతో, సెన్యోరా."

"దీన్ని ఆత్మహత్య అని ఎవరు చెప్పారు?" అన్నాను.

"బావను పంపిన ఏజెంటు. ఫోన్‌ల యాప్ ఉంటది గదా, అండ్ల పెట్టి చూసిండు. తనను తాను చంపుకున్నడని ఇంగ్లీషుల వచ్చింది."

నా చేతిలో తడిబట్ట అలాగే ఉండిపోయింది. స్పానిష్‌లో మతార్ అంటే చంపడం. దానికి ‘సె’ చేరిస్తే మతార్సె; జరిగిపోయిందని చెబితే ‘సె మాతో’. నిఘంటువు తెరిస్తే ఇంగ్లీషు అర్థాల్లో ముందు ఆత్మహత్యే కనిపిస్తుంది. ఆ కిందే ప్రమాదంలో ప్రాణం పోవడమనే అర్థం కూడా ఉంటుంది. ఒళ్లు హూనమయ్యేలా పనిచేసినా ఆ మాటే. లారీ గుద్ది పోయినవాణ్నీ, కొండ మీంచి జారిపోయినవాణ్నీ అక్కడి జనం ‘సె మాతో’ అంటారు. మధ్యలో ‘నోస్’ అని కలిపితే, మాకు దక్కకుండా పోయాడనే దుఃఖం. ఇన్నిట్లో ఏ అర్థమో తేలాలంటే చెప్పినవాణ్నే అడగాలి.

ఆ సాయంత్రమే ఫోన్ చేసి అడిగాను. అతని పేరు మిగెల్. వానకు తడిసిన చెక్క పలక మీద దానియేలు జారాడట. గోడ పక్కన కట్టిన ఇనుప పైపుల మంచెకు కమ్మీలు లేవట. "నేను పక్కనే ఉన్నాను, చెయ్యి అందలేదు" అన్నాడు. ఎత్తు నుంచి పడి మరణించాడని మాత్రమే శవంతో వచ్చిన కాగితాల్లో ఉందని సుజాత చెప్పింది. పడ్డాడా, దూకాడా అన్నది ఏజెంటు యాప్ తేల్చేసిందన్న మాట. ఇంతవరకు మీకు ఇక్కడి నుంచి ఎవరైనా ఫోన్ చేశారా అని మిగెల్‌ను అడిగాను. ఎవరూ చేయలేదన్నాడు.

సుజాత అక్క ఊరికి ఇద్దరం బయల్దేరాం. ఆడవాళ్లం కాబట్టి ఆధార్ కార్డులు చూపిస్తే కండక్టరమ్మ డబ్బు తీసుకోకుండా జీరో టికెట్లు ఇచ్చింది. తల్లాడ దాటాక కిటికీలోంచి చల్లగాలి మొదలైంది. కొత్తగూడెంలో బస్సు పావుగంట ఆగింది. బస్టాండు బయట పూరీలు బాగుంటాయి, దారినపోయేవాళ్లు తినొచ్చు. నాకు మాత్రం సహించలేదు.

అక్కడ ఎక్కిన ఒక పెద్దావిడ మా పక్క సీట్లో కూర్చుని ఏ ఊరికని అడిగింది. సుజాత ఊరి పేరు చెప్పింది. ఆ పేరు నేనిక్కడ రాయడం లేదు.

"బయటి దేశంల ఉరేసుకున్నాయన ఊరేనా? పెండ్లాం ఫోన్ల లొల్లి పెట్టుకున్నదట గదా!"

సుజాత మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. ఉరి ఎక్కడిది? లొల్లి ఎక్కడిది? యాప్ కూడా చెప్పని సంగతులు ఇవి.

"ఉరేసుకోలేదమ్మా. పనిలో జారిపడ్డాడు. ఆయన భార్య ఈ అమ్మాయి సొంత అక్క" అన్నాను. నా గొంతుకు ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు.

పెద్దావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "మాకేం తెలుసు బిడ్డా. అందరన్నరు, మేమన్నం."

పాల్వంచ దాటి, బూర్గంపాడు క్రాస్‌రోడ్డులో పదిన్నరకు దిగాం. అక్కడి నుంచి ఆటో కిరాయి రెండు వందలు. దారికి రెండు పక్కలా జామాయిల్ తోటలు, ఆ తర్వాత అడవి. ఊరి మొదట్లోనే క్రైస్తవుల సమాధుల తోట ఉంది. దాని ప్రహరీకి బయట, తుప్పల్లో, ఒక్క మట్టి దిబ్బ.

"మా బావ" అంది సుజాత. ఆటో ఆగలేదు.

ఇల్లు దానియేలు కట్టిందే. అందులో అతని తల్లి శాంతమ్మ ఉంటోంది. సుజాత అక్క రూతు వెనక రేకుల షెడ్డులో వేరే పొయ్యి పెట్టుకుంది. కొడుకు చావుకు కోడలి నోరే కారణమని నమ్మిన శాంతమ్మ, ఆమె చేతి నీళ్లు కూడా ముట్టడం మానేసిందట. సుజాత ముందే ఫోన్ చేయడంతో పాస్టరుగారు కూడా వచ్చి కూర్చున్నారు. నేను చెప్పాల్సింది చెప్పాను.

శాంతమ్మ తల అడ్డంగా ఊపింది. "ఎట్ల తిప్పి చెప్పినా చంపుకున్నడనే గదా మాట!"

"అమ్మా, మీ అబ్బాయి చిన్నప్పుడు ఎప్పుడైనా చెయ్యో కాలో విరగ్గొట్టుకున్నాడా?"

"అవ్. సైకిల్ నేర్చుకుంట చెయ్యి విరగ్గొట్టుకున్నడు."

"కావాలని విరగ్గొట్టుకున్నాడా?"

"ఎవరన్న కావాలని విరగ్గొట్టుకుంటరా!" అంది.

"వాళ్ల మాట కూడా అలాంటిదేనమ్మా."

మిగెల్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. అక్కడ పొద్దున్నే, పనికి బయల్దేరుతున్నాడు. తడి పలక, లేని కమ్మీలు, అందని చెయ్యి, అన్నీ మళ్లీ చెప్పాడు. నేను తెలుగులో చెబుతూ వచ్చాను. రూతు గోడకు ఆనుకుని నిలబడి వింది.

"ఆఖరికి నా కొడుకు ఏమన్న అన్నడా, అడుగమ్మా" అంది శాంతమ్మ.

అడిగాను. "కిందికి దిగాక టీ పెడతానన్నాడు" అన్నాడు మిగెల్.

శాంతమ్మ నేల మీద కూలబడి గొల్లుమంది. కాసేపటికి లేచి వెళ్లి కోడలి చెయ్యి పట్టుకోబోయింది. రూతు చెయ్యి వెనక్కి తీసుకుంది.

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "పొరపాటు జరిగిపోయింది తల్లీ."

"జరగలే అయ్యగారూ" అంది రూతు. "మీరు చేసిన్రు. తనను తాను చంపుకున్నడని ప్రార్థన లేకుంట, గోడవతల పెట్టించిన్రు."

ఆయన చూపు దించుకున్నారు. "సమాధి లోపలికి మార్పిస్తనమ్మా."

"ఆయన్ని మళ్ల తవ్వొద్దు. గోడనే జరపండి."

సంఘ పెద్దలతో మాట్లాడాలని, ఆదివారం చూద్దామని చెప్పి ఆయన లేచారు. గోడవతల పెట్టించడానికి ఆదివారం దాకా ఆగలేదు కదా అని నేను అనేశాను. ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయారు. ఏజెంటుకు ఫోన్ చేస్తే, "యాప్ గట్ల చెప్పింది మేడం, నాదేం తప్పు?" అన్నాడు. అతన్ని ఏమని తిట్టానో ఇక్కడ రాయలేను.

షెడ్డులో రూతు మాకు అన్నం, చింతచిగురు పప్పు పెట్టింది. వచ్చేటప్పుడు నన్ను గట్టిగా పట్టుకుని, "ఇప్పుడు ఏడుస్తనక్కా. ఇన్నొద్దులు ఏడిస్తే నాటకమన్నరు" అంది.

మూడున్నరకు క్రాస్‌రోడ్డులో తిరుగు బస్సు దొరికింది. పాల్వంచలో ఉండగా సుజాతకు రూతు ఫోన్ చేసింది. వెనక నుంచి ఇటుక మీద గడ్డపార పడుతున్న చప్పుడు నాకూ వినిపించింది. శాంతమ్మ ఆదివారం దాకా ఆగలేదట. ఒక్కతే పోయి ప్రహరీ పగలగొడుతోందట. పాస్టరుగారు దూరంగా నిలబడి చూస్తున్నారట.

"నువ్వు పోయినవా?" అని అడిగింది సుజాత.

"నీళ్లు తీస్కపోయిన. తాగింది" అంది రూతు.

సుజాత కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం కోపం దిగలేదు. ఎలా పోయాడని ఒక్క ఫోన్ చేసి అడిగితే తేలిపోయే సంగతి అది. దాన్ని అడగకుండా ఒక మనిషిని గోడ బయట పూడ్చారు, ఇంకో మనిషిని ఇంటి వెనక్కి నెట్టారు. వాళ్లలో ఎవరికీ ఒక్క పూట నిద్ర చెడలేదు.

తల్లాడ వచ్చేసరికి చీకటి పడుతోంది. ఇంట్లోవాళ్లకు అంతా తెలిసిందని మిగెల్‌కు మెసేజ్ పెట్టాను. అక్కడ భోజనాల వేళ కాబోలు, వెంటనే జవాబు వచ్చింది.

"ఆమె ఎలా ఉంది?"

సొంత చెల్లెలు కాక, రూతు గురించి ఆ మాట అడిగినవాడు అతనొక్కడే.