కాఫీ కలిపే మనిషి

నేను స్కార్‌బరోలో కాలేజీలో చేరిన ఏడాది ఎక్కడ చూసినా మన దేశం నుంచి చదువుకోడానికి వచ్చిన మాలాంటి పిల్లలే. ఎక్కడైనా ఒక పార్ట్‌టైమ్ ఉద్యోగం ఉందని తెలిస్తే చాలు, రెజ్యూమెలు పట్టుకుని మంచులో బారులు తీరేవాళ్ళం. నాకు పని దొరికింది ఒక మలేషియా కాఫీకొట్టులో. భార్యాభర్తలిద్దరే నడిపేవారు. ఆమె మలేషియాలోని పెనాంగ్ చైనీయురాలు. ఆయన తాతలు విజయనగరం నుంచి మలయా రబ్బరు తోటలకు కూలికి వెళ్ళినవాళ్ళు. మాదీ విజయనగరమేనని చెప్పగానే "మనోడివేరా, లోపలికి రా" అన్నారాయన. ఆయన దగ్గర మిగిలిన తెలుగు అంతే అనుకున్నాను. ఆ ఇద్దరి మధ్యా నడిచేది ఇంగ్లీషే.

ఆయన రోటీ చనాయ్ వేసేవారు. పిండిముద్దను గాల్లో తిప్పి పల్చగా సాచి, మడతపెట్టి పెనం మీద వేసేవారు. మన పరోటాకు దగ్గరి చుట్టం. కాఫీ మాత్రం ఆమెదే. వెన్న, పంచదార పట్టించి వేయించిన గింజల నల్లటి పొడిని పొడవాటి గుడ్డసంచిలో వడకట్టేది. కొబ్బరిపాలతో వండిన అన్నం మీద వేయించిన నెత్తళ్ళు, ఎర్రటి కారం వేసి, "తిని క్లాసుకి వెళ్ళు" అని నా ముందు పెట్టేది. దాన్ని నాసి లెమాక్ అంటారని అక్కడే తెలుసుకున్నాను.

ఆ చలికాలంలోనే ఒక ఉదయం ఆయన పెనం దగ్గర కుప్పకూలిపోయారు. స్ట్రోక్ అన్నారు.

కొన్నాళ్ళకు హాస్పిటల్ నుంచి ఆమె ఫోన్ చేసింది. "మాట వచ్చింది. ఇంగ్లీషు కాదు, మలయ్ కూడా కాదు. నాకొక్క ముక్క అర్థం కావడం లేదు. నువ్వు రాగలవా?"

వెళ్ళాను. ఆయన నన్ను చూసి, "అమ్మ ఏదిరా? తోటలోకి ఎల్లిపోనాదా?" అన్నారు. చిన్ననాటి తెలుగొక్కటే మిగిలింది. తర్వాత మంచం పక్కన నిలబడ్డ భార్య వైపు చూసి, "ఈ ఆడమనిషి ఎవులు?" అని అడిగారు.

"ఏమంటున్నాడు?" అందామె.

"వాళ్ళమ్మను అడుగుతున్నారు ఆంటీ."

"నా వైపు చూసి కూడా ఏదో అన్నాడు. అది చెప్పు."

"మీరెవరని అడుగుతున్నారు."

ఆమె ఆయన కాళ్ళ మీది దుప్పటి సర్దింది. చాలాసేపు సర్దింది. "కాఫీ కలిపే మనిషినని చెప్పు," అంది చివరికి.

చెప్పాను. "మంచిదే. ఓ గ్లాసు ఇయ్యమను," అన్నారాయన.

మర్నాడు ఫ్లాస్కులో తెచ్చింది. ఆయనకు ఇంకా మింగుడుపడదని, పొరమారితే ప్రమాదమని నర్సు వద్దంది. ఆమె ఫ్లాస్కును అలాగే సంచిలో పెట్టుకుని వెనక్కి తీసుకెళ్ళింది.

తర్వాత నా దగ్గర కొన్ని తెలుగు మాటలు నేర్చుకుంది. నొప్పిగా ఉందా, దాహమా, పడుకో. ఆమె నోట అవి వంకరపోయేవి, ఆయనకు అర్థమయ్యేవి. "అలాగేనమ్మా" అనేవారు, పరాయి మనిషితో మాట్లాడినంత మర్యాదగా.

కొట్టు మూతపడింది. నేను గోడౌన్‌లో పనికి కుదిరాను. మంచు కరిగే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె హాస్పిటల్ ముందు బస్‌స్టాపు నుంచి ఫోన్ చేసి, ఆయన పోయారని చెప్పింది.

"చివర్లో నన్నే చూస్తూ ఒక మాట అన్నాడు. మళ్ళీ మళ్ళీ అన్నాడు. దాని అర్థం చెప్పు," అని ఆ మాట పలికింది.

నాకు తెలియలేదు. "ఇంకోసారి అనండి ఆంటీ." మళ్ళీ అంది. ఈసారి మరోలా వినిపించింది. తెలిసిన మాటలన్నీ దానికి తగిలించి చూశాను. ఏదీ కుదరలేదు.

"తెలియడం లేదు ఆంటీ."

"సరే, బస్సొచ్చింది," అని ఫోన్ పెట్టేసింది.