ఈ ఏటి భయం

కోకాపేటలోని ఆ స్కూల్లో భయమంతా నర్సింహ సారే గుత్తకు తీసుకున్నాడని చెప్పుకునేవారు. అగ్గిపుల్ల చూస్తే భయం. ఆమ్లం సీసా చూస్తే భయం. ల్యాబు గోడ మీద మూలకాల పట్టిక ఉంటే, అందులో సోడియం గడి దగ్గరికి రాగానే రెండడుగులు పక్కకు జరిగి నడిచేవాడు. ఎవరేం చెప్పబోయినా ఆయన నోట ముందొచ్చే మాట ఒక్కటే: "ఏమన్నయితే?" చేతిలో ఎప్పుడూ ఎర్ర బకెట్, దాన్నిండా ఇసుక. స్టాఫ్ మీటింగుకీ బకెట్టే, పరీక్ష హాలుకీ బకెట్టే. టిఫిన్ డబ్బా కూడా ఆ ఇసుకలోనే గుచ్చి తెచ్చుకునేవాడు. ఇంత పిరికి మనిషీ ఐదో అంతస్తుకు లిఫ్టులో మాత్రం ఈల వేసుకుంటూ పోయేవాడు. అదేం భయమో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

రసజ్ఞ జూన్‌లో ఆ స్కూల్లో కెమిస్ట్రీ టీచరుగా చేరింది. కోస్తా నుంచి వచ్చి మణికొండలో స్థిరపడ్డ కుటుంబం. నాన్న రామ్మోహనరావు గారు కూతురికి ఉద్యోగం వచ్చిందన్న సంబరంలో అపార్టుమెంటులోని ముప్పై రెండు ఫ్లాట్లకూ పూతరేకులు పంచారు. పంచేశాక తెలిసింది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని. తొమ్మిదో తరగతికి కెమిస్ట్రీ తొలి కోర్సు ప్లాను తయారు చెయ్యాలి. అందులో మొదటి పాఠం అకడమిక్ హెడ్ సంధ్య మేడం ముందు చెప్పి చూపించాలి. నచ్చితే ఉంటుంది, నచ్చకపోతే ఇంటికే. పూతరేకులు తిన్నవాళ్ళకు ఏ మొహం చూపించాలో అని ఆ పిల్లకు నిద్ర పట్టేది కాదు.

ఆమెకు ఇంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది, అది పైకి చెప్పుకునేది కాదు. రసజ్ఞ పుట్టి బుద్ధెరిగాక స్పిరిట్ దీపం వెలిగించలేదు. ఇంటర్లో ప్రాక్టికల్స్ అంటే సీనియర్ల రికార్డు చూసి ఎక్కించడమే. డిగ్రీలో ఒకరు చేస్తుంటే నలభై మంది చూసేవారు, ఈమె చివరి వరస. మార్కులు మాత్రం నూటికి తొంభై ఆరు! ఇంట్లో పొయ్యికి లైటరుంది, దేవుడి దీపానికి అమ్మ ఉంది. ఇక అగ్గిపుల్లతో ఆమెకేం పని? చేరిన మొదటి రోజు ల్యాబులో ఎవరూ లేరనుకుని ఒక పుల్ల గీసింది. పుల్ల విరిగింది, పెట్టె జారింది, తను కెవ్వుమని బల్ల వెనక్కి దూకింది. తలెత్తి చూస్తే గుమ్మంలో నర్సింహ సారు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. చూశాడో లేదో తెలియలేదు.

కెమిస్ట్రీకి సీనియర్ సారు, ప్లాను దిద్దే పెద్ద కూడా ఆయనే. భయస్థులు కాగితం మీద మహా ధైర్యవంతులు కదా, రసజ్ఞ మొదటి పీరియడ్‌లోనే మెగ్నీషియం రిబ్బను మండిస్తానని రాసింది.

"మెగ్నీషియమా? ఏమన్నయితే?"

"వీడియోల్లో అందరూ చేస్తున్నారండీ."

"వీడియోల ఇల్లు కాలితే మనకు సెగ తగలదమ్మా." ఎర్ర గీత పడింది.

"పోనీ, ఆమ్లంలో జింకు ముక్కలండీ?"

"ఏమన్నయితే?" ఇంకో గీత.

"ఉప్పు నీళ్ళల్లో కరగడమండీ! దానికేమవుతుంది సార్?"

సారు గడ్డం గోక్కుని దీర్ఘంగా ఆలోచించాడు. "పిల్లలు తాగుతరు. బీపీ." దానికీ గీతే.

అరగంటలో ముప్పై పీరియడ్ల ప్లానులో పైన శీర్షిక, కింద ఆమె సంతకం తప్ప ఏమీ మిగల్లేదు. రసజ్ఞకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఇది పట్టుకెళ్తే మేడం నన్ను పంపించేస్తారండీ!"

"ఫికర్ చెయ్యకు. మీ ఇంట్ల దిష్టి తీసే నీళ్ళు ఎర్రగెట్లయితయి?"

"పసుపూ సున్నం కలుపుతామండీ."

"కలిపితే ఎర్రగెందుకు కావాలె?"

రసజ్ఞ నోరు తెరిచింది. క్షారంలో సూచిక రంగు మారుతుందని తొంభై ఆరు మార్కులకు రాసిందే. ఆ సూచిక అమ్మ పోపుల డబ్బాలోనే ఉందని ఇప్పుడే తట్టింది.

"గందుల నిమ్మకాయ పిండితే?"

"మళ్ళీ పసుపు రంగొచ్చేస్తుందండీ!"

"గదే మొదటి పాఠం. మండేటిది లేదు, పేలేటిది లేదు. ఇంట్ల ఉన్నదాంతోని మొదలువెట్టి మెల్లగ ల్యాబుకు పోదాం. మంట ముచ్చట ఐదో వారం."

రసజ్ఞకు ప్రాణం లేచొచ్చింది. అది సాయంత్రం దాకానే. మూడున్నర గంట కొట్టగానే ఆయన కొత్త పేచీ మొదలుపెట్టాడు.

"ఐదో వారానికి సామాను మంచిగున్నదో లేదో చూడాలె. నాకైతే భయం. జర నువ్వు దీపం ముట్టియ్యమ్మా."

"నే... నేనా అండీ?"

"నీ అసొంటి ధైర్యమున్న పిల్ల ఉండంగ నాకేం ఫికర్?" అని నాలుగు గజాలు వెనక్కిపోయి, బకెట్ గుండెకు హత్తుకుని నిలబడ్డాడు.

అంత మాట అన్న మనిషి ముందు నాకూ భయమే అనడానికి ఆమెకు సిగ్గేసింది. మొదటి రోజు పదిహేడు పుల్లలు ఖర్చయ్యాయి. ప్రతి పుల్లకూ వెనక నుంచి ఒకటే గోల. "అమ్మో, జుట్టు ముడేసుకో, ఏమన్నయితే! నీ దిక్కు కాదు, అవతలికి గియ్యి, ఏమన్నయితే! చున్నీ జర దగ్గరికి కట్టు, ఏమన్నయితే!" ఆ గోల భరించలేక చివరికి రసజ్ఞే గట్టిగా అనేసింది: "ఏమీ కాదు సార్, నేనున్నానుగా!"

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని తనే బిత్తరపోయింది.

అప్పట్నుంచి రోజూ ఇదే తంతు. ఆయన వణకడం, ఆమె ధైర్యం చెప్పడం. పదో రోజుకు పుల్లలు మూడుకు తగ్గాయి. ఇంకో వారానికి ఒక్కటి. రిబ్బను ముక్కను పటకారుతో పట్టుకుని మండించిన రోజు, అంత భారీ మనిషీ ఆ చిన్న బకెట్ వెనక దాక్కోబోయాడు. రసజ్ఞ నవ్వాపుకోలేకపోయింది.

పాఠం చెప్పి చూపించాల్సిన శుక్రవారం రానే వచ్చింది. సంధ్య మేడం ట్యాబ్ పట్టుకుని ల్యాబులో వెనక బెంచీలో కూర్చుంది. పసుపు నీళ్ళు ఎర్రబడ్డాయి, నిమ్మరసం పడగానే మళ్ళీ పసుపయ్యాయి. "దిష్టి నీళ్ళు! దిష్టి నీళ్ళు!" అని పిల్లలు బల్లలు చరిచారు. మేడం మొహం మాత్రం విచ్చుకోలేదు.

"నైస్ రసజ్ఞా, బట్ ఇది కిచెన్‌లా ఉంది. పేరెంట్స్‌కి వావ్ అనిపించాలి కదా! ఏదైనా బర్న్ చేసి చూపించండి. లేదంటే సారీ, దిస్ వోంట్ వర్క్."

రసజ్ఞకు ముప్పై రెండు ఫ్లాట్ల తలుపులూ కళ్ళ ముందు ఒక్కసారే తెరుచుకున్నాయి. అంతలో మూల నుంచి నర్సింహ సారు బకెట్‌తో సహా లేచాడు. "వద్దు మేడం! ఏమన్నయితే?"

"ఏమీ కాదు సార్, నేనున్నానుగా!" అంది రసజ్ఞ అలవాటుగా. పిల్లల్ని వెనక్కి జరిపింది, సూటిగా చూడొద్దని చెప్పింది, జుట్టు ముడేసుకుంది. అవతలికి గీసింది. ఒక్క పుల్లే! దీపం వెలిగింది. రిబ్బను భగ్గుమని తెల్లగా మండింది, పైకప్పు దాకా వెలుగు కొట్టింది. తరగతి తరగతంతా "ఓ..." అని కేక పెట్టింది. మేడం ట్యాబ్ పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది. "సూపర్! యూ ఆర్ కన్ఫర్మ్‌డ్."

అందరూ వెళ్ళాక బల్లలు తుడవడానికి ఆయా సక్కుబాయి వచ్చింది.

"పాపం, సారు ఇవాళ ఎంత భయపడ్డారో!" అంది రసజ్ఞ.

సక్కుబాయి పకపకా నవ్వింది. "సారుకు అగ్గంటే భయమా? పోయినేడు దాంక గీ దీపం సారే ముట్టిస్తుండె బిడ్డా, ముచ్చట చెప్పుకుంట, దాని దిక్కు సూడకుంట. గా బకెట్ నువ్వొచ్చినంకనే పట్టిండు."

"మరి ఈ భయం?"

"గిది ఈ ఏటిది. పోయినేడు అవినాష్ సారు కొత్తగొచ్చిండు, ఆయనకు మైకంటే వణుకు. గా ఏడంత మన సారుకు మైకు సూస్తే సెమటలు. 'అవినాషూ, జర నా బదులు నువ్వు మాట్లాడు' అంటుండె. అంతకుముందు ఆమని మేడంకు కుక్కలంటే భయముండె. గప్పుడు గేటు కాడ కుక్క కనవడితే సారు ఉరికొచ్చి ఆమె ఎన్క దాక్కునేటోడు. కొత్తగొచ్చినోళ్ళ భయం సారుకు ఊకె అంటుకుంటది బిడ్డా!"

రసజ్ఞ గబగబా వరండాలోకి వచ్చింది. నర్సింహ సారు బకెట్‌లో ఇసుకంతా పూలకుండీల్లో పోసేస్తున్నాడు.

"సార్, బకెట్ అక్కర్లేదాండీ?"

"ఇగ నాకు భయం పోయిందమ్మా," అన్నాడాయన, తలెత్తకుండానే.

రసజ్ఞ ఖాళీ బకెట్ తనే అందుకుని లోపల పెట్టొచ్చింది.

సోమవారం పొద్దున తెలుగు టీచరుగా నవ్య చేరింది. లిఫ్టు తలుపులు తెరుచుకోగానే ఆ పిల్ల మొహం పాలిపోయింది. బ్యాగులో ఏదో వెతుకుతున్నట్టు నటిస్తూ మెట్ల వైపు జరిగింది. అప్పుడే ఈల వేసుకుంటూ వచ్చిన నర్సింహ సారు ఆ పిల్లను చూశాడు. ఈల ఠక్కున ఆగిపోయింది.

"అమ్మో, లిఫ్టా! నడిమిట్ల ఆగి ఏమన్నయితే?"

అప్పటికే లిఫ్టులో ఒక కాలు పెట్టిన రసజ్ఞ ఆ కాలు వెనక్కి తీసుకుంది. "నాకూ భయమేనండీ. నవ్య గారూ, మీరు ధైర్యంగా ఉన్నట్టున్నారు, మీ వెంట మెట్లెక్కి వస్తామండీ. రేపు మీరు తోడుంటే లిఫ్టులో ఒక్క అంతస్తు పోయి చూద్దాం."

ముగ్గురూ ఐదంతస్తులూ ఎక్కడం మొదలుపెట్టారు. మూడో అంతస్తు దగ్గర రొప్పుతూ సారు రసజ్ఞ దగ్గరికి వంగి మెల్లగా అడిగాడు. "నిజంగనే భయమా అమ్మా నీకు?"

"ఈ ఏటికి భయమేనండీ," అంది రసజ్ఞ.